చప్పిడిముక్కు కోతీ, చెట్టు గడ్డమూ



నేను బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో నాకొక అలవాటు ఉండేది. పాఠం ముగిశాక గంట కొట్టటానికి అయిదు నిమిషాలు మిగిలితే, ఒకదానికొకటి ఏమాత్రం పొంతన లేని రెండు పేర్లు నల్లబల్ల మీద రాసేవాణ్ణి. "వీటికి పోలికలేమిటి? భేదాలేమిటి?" అని అడిగేవాణ్ణి. పిల్లినీ పులినీ పోల్చమంటే ఎవరైనా పోలుస్తారు. గడియారాన్నీ చెట్టునూ పోల్చమంటేనే బుర్రకు పని.

ఒకనాడు నల్లబల్ల మీద ఒక పక్క "కోతి" అనీ, రెండో పక్క "లైకెన్" అనీ రాశాను. లైకెన్ అంటే ఏమిటో అంతకుముందు వారమే పాఠంలో చెప్పి ఉన్నాను.

"కోతి దూకుతుందండీ, లైకెన్ దూకదండీ!" అన్నాడు మొదటి బల్ల మీది కుర్రవాడు.

"కోతికి తోక ఉందండీ, దీనికి లేదండీ!" అన్నది ఒక అమ్మాయి.

అందరూ గొల్లున నవ్వారు. భేదాలు పది చెప్పారు గాని, పోలిక ఒక్కటీ చెప్పలేకపోయారు. నిజం చెప్పాలంటే, ఆనాడు నాకూ ఒక్క పోలికే తెలుసు: రెండూ ప్రాణం ఉన్నవే. మిగిలినవి నేను తరువాత చదివి తెలుసుకున్నాను. అవి ఈ నెల మీకు చెబుతాను. మీరు కూడా ఒక కాగితం తీసుకొని, నడిమికి గీత గీసి, ఒక పక్క "కోతి", ఒక పక్క "లైకెన్" అని రాసుకోండి. చదువుతూ చదువుతూ నింపుదురుగాని.

మన ఇంటి దగ్గరి ఇద్దరు

కోతిని గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. మన దేశంలో ఎర్రమూతి కోతి ఉన్నది, కొండముచ్చు ఉన్నది. ఈ రెంటికీ పెద్ద తేడా ఉన్నది. ఎర్రమూతి కోతికి బుగ్గల్లో సంచులుంటాయి. మీ చేతిలోని అరటిపండు లాక్కొని, గబగబా బుగ్గలో కుక్కుకొని, చెట్టెక్కి తీరికగా నములుతుంది. కొండముచ్చుకు ఆ సంచులు లేవు. దానికి బదులు దాని పొట్ట అరలు అరలుగా ఉంటుంది. ఆ అరల్లో కంటికి కనపడని సూక్ష్మజీవులు కోట్లకొద్దీ నివసిస్తూ, అది తిన్న ముదురాకులను పులియబెట్టి, జీర్ణమయ్యేట్టు చేస్తాయి. ఆవు పొట్టలో జరిగేది కూడా ఇంచుమించు ఇదే. ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకోండి. దీనితో మనకు పని పడుతుంది.

ఇక లైకెన్. దీన్ని ఎన్నడూ చూడలేదని మీరు అనుకోవచ్చు. అమ్మనడిగి మసాలా డబ్బా తెరవండి. అందులో లవంగాలు, దాల్చినచెక్క, మరాఠీ మొగ్గలతో పాటు, ముడతలు పడిన ఎండుటాకు వంటిది, పైన బూడిదరంగు, అడుగున నలుపు ఉన్నది ఒకటి కనపడుతుంది. దాన్ని రాతిపువ్వు అంటారు. పేరు పువ్వే గాని అది పువ్వు కాదు. ఆకు అంతకన్నా కాదు. అది లైకెన్. బిరియానీలో ఆ సువాసన కొంత దానిదే. మీరు బడిలో నిమ్మరసంలో ముంచి ఎర్రబడితే సంతోషించే లిట్మస్ కాగితం ఉన్నదే, దాని రంగును కూడా పూర్వం లైకెన్ల నుంచే తీసేవారు.

పాత మామిడిచెట్టు బెరడు మీదా, కొబ్బరి మాను మీదా, పెద్ద బండరాళ్ళ మీదా సున్నపు మరకల్లాగా, లేత ఆకుపచ్చ మచ్చల్లాగా కనపడేవి కూడా చాలావరకు లైకెన్లే. ఈ మచ్చలను గురించి నేను చేసిన ఒక తప్పు మీతో చెప్పాలి.

నేను ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా వెళ్ళిన కొత్తలో, బడి ఆవరణలో నాలుగు పాత మామిడిచెట్లు ఉండేవి. మానుల నిండా ఈ మచ్చలే. చెట్లకేదో తెగులు పట్టిందనుకొన్నాను. ఒక శనివారం పిల్లలందరి చేతా మానులను గీకించి, శుభ్రంగా సున్నం కొట్టించాను. చెట్లు పెళ్ళిపందిరి గుంజల్లాగా మెరిసిపోయాయి. నాకు ఎంతో తృప్తి కలిగింది. సోమవారం మా జీవశాస్త్రం మాస్టారు వచ్చి చూసి, "అయ్యా, అది తెగులు కాదు. అవి లైకెన్లు. చెట్టు బెరడు మీద కూర్చుంటాయే గాని, చెట్టు రసం తాగవు. ఒక్కొక్కటి అంత కావటానికి ఎన్నో ఏళ్ళు పట్టి ఉంటుంది," అని నెమ్మదిగా చెప్పారు.

ఎన్నో ఏళ్ళు పెరిగినదాన్ని నేను ఒక్క పూటలో గీకించాను! ఆనాటి నుంచే నేను లైకెన్లను గురించి చదవటం మొదలుపెట్టాను.

ఇద్దరు కలిస్తే ఒకరు

లైకెన్ అంటే ఒక ప్రాణి కాదు, ఒక కాపురం. అందులో ఒక శిలీంధ్రమూ, ఒక శైవలమూ కలిసి ఉంటాయి. శిలీంధ్రం అంటే బూజు, పుట్టగొడుగుల కులానికి చెందినది. దానికి పచ్చదనం లేదు గనుక సొంతంగా ఆహారం చేసుకోలేదు. శైవలం అంటే చెరువులో పచ్చగా తేలే నాచు కులానికి చెందినది. అది ఎండ సాయంతో ఆహారం వండగలదు. కాని ఒంటరిగా ఎండలో బండ మీద పడవేస్తే ఎండి మాడిపోతుంది.

ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారన్నమాట. శిలీంధ్రం ఇల్లు కట్టింది. వానలోనూ మంచులోనూ నీరు పట్టి ఉంచుతుంది, మండే ఎండ నుంచి నీడనిస్తుంది. శైవలం ఆ ఇంట్లో కూర్చుని వంట చేస్తుంది. వండినదాంట్లో శిలీంధ్రానికి వాటా ఇస్తుంది. అందుచేతనే, ఇద్దరిలో ఏ ఒక్కటీ విడిగా బతకలేని చోట్ల, నున్నని బండల మీదా, మంచుకొండల మీదా, ఎడారుల్లోనూ లైకెన్ బతుకుతున్నది. ఎండు రోజుల్లో పెళుసై, చచ్చినట్టు పడి ఉంటుంది. నాలుగు చినుకులు పడితే కాసేపట్లో మెత్తబడి, రంగు తేరి, మళ్ళీ పనిలోకి దిగుతుంది. 2005లో కొన్ని లైకెన్లను వ్యోమనౌకలో పంపి, గాలి లేని అంతరిక్షంలో పదిహేను రోజులపాటు బయట ఉంచి తెచ్చారు. తిరిగి వచ్చాక అవి బతికే ఉన్నాయి!

లైకెన్ ఒక కాపురమని మొదట గట్టిగా చెప్పినవాడు స్విట్జర్లండు వృక్షశాస్త్రజ్ఞుడు సైమన్ ష్వెండెనర్. అది 1867. ఆ మాట చాలామంది పండితులకు నచ్చలేదు. లైకెన్లనే జీవితమంతా చదివిన విలియం నైలాండర్ అనే ఫిన్లండు పండితుడు కూడా ఒప్పుకోలేదు. అయితే ఆ నైలాండరే అంతకు ఒక్క ఏడాది ముందు, 1866లో, మరొక గొప్ప విషయం కనిపెట్టి ఉన్నాడు. పారిస్ నగరంలో ఒక పెద్ద తోటలోని చెట్ల మీద ఉన్న లైకెన్లు నగరంలోని ఇతర చోట్ల లేవని చూసి, లైకెన్లు గాలి శుభ్రతను కొలిచే సాధనాల వంటివని చెప్పాడు. ఒక విషయంలో పొరపడినవాడే మరొక విషయంలో అందరికన్నా ముందు చూశాడు. శాస్త్రంలో ఇలాంటివి జరుగుతూ ఉంటాయి.

కథ అక్కడితో ఆగలేదు. 2016లో కొందరు శాస్త్రజ్ఞులు జుట్టులాగా వేలాడే కొన్ని లైకెన్లను పరీక్షించి, వాటి పైపొరలో మూడో భాగస్వామి కూడా దాగి ఉన్నదని కనిపెట్టారు. అది పిండిని పులియబెట్టే ఈస్టు వంటి మరొక శిలీంధ్రం. నూట యాభై ఏళ్ళుగా సూక్ష్మదర్శినితో చూస్తున్నా అది ఎవరి కంటా పడలేదు!

నాలుగు తిరుమలల ఎత్తున

మన ఊళ్ళో కొండముచ్చుకూ, మామిడి మాను మీది మచ్చకూ సంబంధమేమీ లేదు. కొండముచ్చు ఆ మచ్చ వంక కన్నెత్తి అయినా చూడదు. కాని భూమి మీద ఒక చోట కొండముచ్చుకు చుట్టమైన కోతి ఒకటీ, రాతిపువ్వుకు చుట్టమైన లైకెన్ ఒకటీ విడదీయరాకుండా ముడిపడి ఉన్నాయి. అక్కడికి వెళదాం, పటం తీయండి.

మన అరుణాచల ప్రదేశ్ నుంచి తూర్పుగా వేలు జరపండి. మయన్మార్ దేశపు ఉత్తరపు కొసను దాటితే చైనా దేశంలోని యునాన్ రాష్ట్రం వస్తుంది. అక్కడ మెకాంగ్, యాంగ్‌ట్సీ అనే రెండు మహానదులు, నడుమ ఒక పెద్ద కొండవరసను ఉంచుకొని, పక్కపక్కనే ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతాయి. ఆ కొండల్లో ఒకదాని పేరు బైమా. చైనా భాషలో తెల్లగుర్రం అని అర్థం. శిఖరాల మీద మంచు ఉంటుంది గనుక ఆ పేరు తగినదే.

మన తిరుమల కొండ ఎత్తు సుమారు 850 మీటర్లు. అటువంటి కొండలు నాలుగింటిని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఊహించుకోండి. అంత ఎత్తున, 3,000 మీటర్ల నుంచి 4,500 మీటర్ల దాకా, ఫర్ అనే సూదిఆకుల చెట్ల అడవులున్నాయి. చలికాలంలో నెలల తరబడి నేల మీద మంచు పేరుకొని ఉంటుంది. ఆ అడవిలో ఉన్నది చప్పిడిముక్కు కోతి. మనిషిని మినహాయిస్తే, కోతుల కులంలో ఇంత ఎత్తున కాపురముండేది మరొకటి లేదు.

దాని రూపం చూస్తే మీరు నవ్వకుండా ఉండలేరు. వీపు నలుపు, పొట్ట తెలుపు. నెత్తిన కుచ్చు. పెదవులు తాంబూలం వేసుకున్నట్టు ఎర్రగా, గులాబిరంగులో ఉంటాయి. ముక్కు ఉండవలసిన చోట రెండు రంధ్రాలు మాత్రం పైకి తిరిగి ఉంటాయి. మగది సుమారు 15 కిలోల బరువు ఉంటుంది. ఆడది 9, 10 కిలోలు. పుట్టిన పిల్ల మాత్రం తెల్లగా, దూదిపింజలాగా ఉండి, పెరిగినకొద్దీ నల్లబడుతుంది. ఒక మగకోతి, నాలుగైదు ఆడకోతులు, వాటి పిల్లలు ఒక కుటుంబం. ఇటువంటి కుటుంబాలు ఎన్నో కలిసి ఒకే మందగా తిరుగుతాయి. ఒక మందలో వంద దాటి కూడా కోతులుంటాయి. రాత్రిళ్ళు ఎత్తైన చెట్ల కొమ్మల మీద ఒకదాన్నొకటి కావలించుకొని చలి కాచుకుంటాయి.

ఈ కోతి సంగతి బయటి శాస్త్రలోకానికి తెలిసింది 1890లలో. అక్కడి నుంచి పారిస్ చేరిన చర్మాలను, ఎముకలను చూసి 1897లో మిల్న్ ఎడ్వర్డ్స్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ తరువాత ఇంచుమించు డెబ్భై ఏళ్ళు దాని జాడ ఏ శాస్త్రజ్ఞుడికీ తెలియలేదు. అసలు ఉన్నదో నశించిందో కూడా ఎవరూ చెప్పలేకపోయారు. 1960లలో ఆ కొండల్లోని పల్లెల్లో చైనా శాస్త్రజ్ఞుల కంట దాని చర్మాలు పడ్డాయి. అప్పుడు వెతుకులాట మొదలయింది.

చెట్టుకు వేలాడే గడ్డం

ఈ కోతి ఏం తింటుంది? వేసవిలో లేత ఆకులు, వెదురు మొలకలు దొరుకుతాయి. శరత్కాలంలో పళ్ళు దొరుకుతాయి. మరి చెట్లు ఆకులు రాల్చి, నేల అంతా మంచు కప్పేసినప్పుడో?

అప్పుడు దానికి దిక్కు లైకెన్. ఫర్ చెట్ల కొమ్మల నుంచి నెరిసిన గడ్డాల్లాగా, లేత ఆకుపచ్చ దారపు చిక్కుల్లాగా కొన్ని లైకెన్లు కిందికి వేలాడుతూ ఉంటాయి. వాటిలో ఒకదాని శాస్త్రీయ నామం అస్నియా లాంగిసిమా. లాంగిసిమా అంటే లాటిన్ భాషలో "అన్నిటికన్నా పొడవైనది". పేరుకు తగినట్టే ఒక్కొక్క పోగు 3 మీటర్ల పొడుగు కూడా సాగుతుంది. మన హిమాలయాల అడవుల్లో కూడా ఇది ఉన్నది. దీని పోగు మధ్యలో తెల్లని గట్టి దారం ఒకటి ఉంటుంది. తడిసినప్పుడు మెల్లగా లాగితే అది రబ్బరులాగా కొంచెం సాగుతుంది. మనం దీన్ని చెట్టు గడ్డం అనుకుందాం.

శాస్త్రజ్ఞులు ఒక అడవిలో చాలాకాలం కూర్చుని, ఈ కోతులు ఎప్పుడెప్పుడు ఏమేమి తిన్నాయో రాసుకుంటూ వచ్చారు. లెక్క చూస్తే, ప్రతి మూడు మార్లలో రెండు మార్లు అవి తిన్నది లైకెన్లే! ఉత్తరాన మరీ చలి అడవుల్లో ఈ వంతు ఇంకా ఎక్కువ. కోతుల్లో ఇలా లైకెన్ల మీద ఇంతగా ఆధారపడి బతికేవి బహు అరుదు.

లైకెన్ పంచభక్ష్య పరమాన్నమేమీ కాదు. మాంసకృత్తులు అందులో తక్కువ. చెట్టు గడ్డంలో చేదైన ఆమ్లం కూడా ఉన్నది. అయితే దానిలో ఒక రకం పిండిపదార్థం ఉన్నది. పైగా అది పన్నెండు నెలలూ కొమ్మకు వేలాడుతూనే ఉంటుంది. గంజి తాగి కరువు గడిపినట్టు, కోతులు ఆ లైకెన్‌తో చలికాలం గడుపుతాయి. ఆ పిండిపదార్థాన్ని మన పొట్ట జీర్ణం చేసుకోలేదు. కొండముచ్చు పొట్టలోని అరలు జ్ఞాపకమున్నాయా? ఈ కోతి కూడా ఆ కులానిదే. దాని పొట్ట అరల్లోని సూక్ష్మజీవులే లైకెన్‌ను పులియబెట్టి ఆహారంగా మార్చి ఇస్తాయి.

ఇప్పుడు కాగితం నింపండి

భేదాలను గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కోతి జంతువు, లైకెన్ జంతువూ కాదు, మొక్కా కాదు. కోతికి రక్తం, ఎముకలు, మెదడు ఉన్నాయి. లైకెన్‌కు వేరు కూడా లేదు. కోతి ఆహారం కోసం తిరుగుతుంది. లైకెన్ కూర్చున్న చోటనే గాలి నుంచీ, వాన నుంచీ, ఎండ నుంచీ తనకు కావలసినదంతా తీసుకుంటుంది. ఆనాడు మా పిల్లలు చెప్పినవి కూడా రాసుకోండి: కోతికి తోక ఉంది, లైకెన్‌కు లేదు!

ఇక పోలికలు. మొదటిది మీరే కనిపెట్టి ఉంటారు. రెండూ ఒంటరివి కావు. లైకెన్‌లో శైవలం లేకపోతే శిలీంధ్రానికి తిండి లేదు. కోతి పొట్టలో సూక్ష్మజీవులు లేకపోతే, నోటి నిండా లైకెన్ ఉన్నా కోతికి బలం లేదు. బయటినుంచి చూస్తే ఒక్కటే. లోపల చూస్తే పెద్ద సంసారం.

రెండవది: రెండూ నిదానమైనవే. కోతి నిదానమా అని ఆశ్చర్యపోకండి. కొమ్మ మీద దూకటంలో కాదు, సంతతి పెరగటంలో. ఆడకోతి ఒక కాన్పులో సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది; మళ్ళీ కనటానికి తరచు రెండేళ్ళు పడుతుంది. చెట్టు గడ్డం సంగతీ అంతే. అది ఎక్కువగా ముక్కల ద్వారా వ్యాపిస్తుంది. గాలికి ఒక ముక్క తెగి, ఎగిరి, పక్క కొమ్మకు చిక్కుకుంటే అక్కడ కొత్త గడ్డం మొదలవుతుంది. ఆ ముక్కలు చాలావరకు కొద్ది గజాల దూరం మించి పోవు. ఒక చోట లైకెన్ తినేస్తే, అది మళ్ళీ పెరగటానికి ఏళ్ళు కావాలి. అందుకే కోతుల మంద ఒకచోట ఉండిపోదు. రోజుకు ఒక కిలోమీటరు పైచిలుకు నడుస్తూ, కొత్త చెట్లను వెతుక్కుంటూ పోతుంది. ఒక మందకు ఇలా 25 చదరపు కిలోమీటర్ల అడవి కావలసి వచ్చిందని ఒకచోట లెక్కకట్టారు.

మూడవది అన్నిటికన్నా పెద్దది: రెంటికీ ఇల్లు ఒక్కటే. అది ముదుసలి చెట్టు. నిన్న మొన్న నాటిన మొక్కలకు గడ్డం మొలవదు, మీకు మొలవనట్టే! చెట్టు పెరిగి, కొమ్మలు విస్తరించి, చుట్టుపక్కల గడ్డం ఉన్న పాత చెట్లు ఉంటేనే దాని కొమ్మలకు గడ్డం వేలాడుతుంది. కోతికీ నిద్రపోవటానికి, ఎక్కటానికి, తినటానికి ఆ పాత చెట్లే కావాలి. ఒక ముదుసలి చెట్టును కొట్టేస్తే లైకెన్‌కు ఇల్లు పోయింది. కోతికి ఇల్లూ, వంటిల్లూ రెండూ పోయాయి.

గొడ్డలి ఆగిన కథ

ఇది ఊరికే చెబుతున్న మాట కాదు. 1980ల చివర్లోనూ 1990ల మొదట్లోనూ లాంగ్ యాంగ్‌చెంగ్ అనే చైనా శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారు ఆ కొండలన్నీ కాలినడకన తిరిగి, కోతులను వెతికి లెక్కపెట్టారు. వారికి తేలింది 13 మందలు. మొత్తం కోతులు వెయ్యి నుంచి పదిహేను వందలు. ప్రపంచం మొత్తంలో అవే! మన పట్నాల్లో ఒక పెద్ద బడిలో ఇంతకన్నా ఎక్కువమంది పిల్లలుంటారు.

బైమా మంచుకొండ మీది అడవిని 1983లోనే రక్షిత ప్రదేశంగా ప్రకటించి ఉన్నారు. అయినా ఆ గీతకు వెలుపల కూడా కోతులుండే పాత అడవులున్నాయి. 1995లో అక్కడి దెచిన్ అనే తాలూకాలో సుమారు 100 చదరపు కిలోమీటర్ల అడవిని కొట్టి కలప అమ్మాలని నిశ్చయించారు. వారిని దుర్మార్గులనుకోకండి. అది పేద ప్రాంతం. రాబడి చాలదు, ఖర్చులు గడవాలి, చేతికి అందేది కలప ఒక్కటే.

ఆ కొండల్లో ఏళ్ళ తరబడి తిరిగి ఈ కోతులను ఫోటోలు, సినిమాలు తీసిన షి జినాంగ్ అనే ఆయన ఉన్నారు. ఆయన మనసు ఊరుకోలేదు. అడవిని కాపాడండని పైఅధికారులకు ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం సంగతి పత్రికల్లో వచ్చింది. రాజధాని బీజింగ్‌లో కళాశాల విద్యార్థులు కొందరు, తాము ఎన్నడూ కంటితో చూడని ఆ కోతుల కోసం సభలు జరిపారు. చివరకు పైప్రభుత్వం కలగజేసుకుంది; ఆ తాలూకాకు డబ్బు సాయం చేస్తామన్నది; ఆ అడవి నరకటం ఆగింది. 1998లో యాంగ్‌ట్సీ నదికి మహాప్రళయం వంటి వరదలు వచ్చాయి. కొండల మీద చెట్లు లేకపోతే పల్లానికి కూడా ముప్పేనని అప్పుడు అందరికీ తెలిసివచ్చింది. ఆ ఏడే నది ఎగువ ప్రాంతాల్లో సహజమైన అడవులు కొట్టటం నిషేధించారు.

పూర్వం ఆ కొండల్లో కోతులను వేటాడినవారిలో లిసు అనే జాతి వారున్నారు. కోతుల జాడ వారికి తెలిసినట్టు మరొకరికి తెలియదు. ఈనాడు ఆ జాతివారే కొందరు అడవి కాపలాదార్లయి, ప్రతిరోజూ మందల వెంట తిరిగి వాటిని రక్షిస్తున్నారు. కోతుల సంఖ్య ఇప్పుడు 3,000 దాటింది. ముప్పు పూర్తిగా తొలగిందని చెప్పలేం గాని, దారి మంచి దారే.

చెట్టు గడ్డానికి మాత్రం అన్నిచోట్లా ఈ అదృష్టం పట్టలేదు. ఐరోపాలో ఒకప్పుడు అది ఉన్న అడవులు ఎన్నింటిలోనో ఇప్పుడు లేదు. పాత చెట్లు కొట్టారు. ఫ్యాక్టరీల పొగ గాలిలో కలిసింది. వేరు లేని లైకెన్ గాలిలో ఉన్నదంతా ఒంటికి పట్టించుకుంటుంది. మంచి గాలి అయితే మంచే. గంధకపు పొగ అయితే ఆ విషమే. తప్పుకుపోవటానికి దానికి కాళ్ళు లేవు. కోతి అయితే కొంతదూరం పారిపోగలదు. కాని తిండి పారిపోలేనప్పుడు, తినేవాడు ఎంతదూరం పారిపోగలడు?

మీరు చేయగలిగిన పని

ఈ ఆదివారం అమ్మనో నాన్ననో వెంటబెట్టుకొని బయలుదేరండి. బండ్లు ఎక్కువగా తిరిగే రోడ్డు పక్కన అయిదు పాత చెట్లు, రోడ్డుకు దూరంగా తోటలోనో గుడి ఆవరణలోనో అవే జాతివి అయిదు పాత చెట్లు ఎంచుకోండి. ఒక్కొక్క మానును మీ రొమ్ము ఎత్తున చుట్టూ చూసి, లైకెన్ మచ్చలు ఎన్ని ఉన్నాయో, ఏయే రంగులో ఉన్నాయో రాసుకోండి. భూతద్దం ఉంటే మరీ మంచిది. రెండు చోట్ల లెక్కలూ పోల్చండి. తేడా ఉంటే ఎందుకో ఆలోచించండి: గాలి వల్లనా, నీడ వల్లనా, చెట్ల వయసు వల్లనా? ఒక షరతు: గోటితో కూడా గీకరాదు!

పెద్దలకు కూడా ఒక మనవి. పిల్లవాడు చెట్టు మాను మీది మచ్చను చూపి "ఇదేమిటి?" అని అడిగితే, "ఏదో పాచి, పద పద" అనకండి. కాసేపు ఆగి వాడితో పాటు చూడండి. తెలియకపోతే "తెలియదు, ఇద్దరం తెలుసుకుందాం" అనండి. ఆ మాట చెప్పటానికి నేను సిగ్గుపడిన రోజునే నాలుగు మామిడిచెట్లకు సున్నం కొట్టించాను.

కిందటి సంక్రాంతికి ఆ ఊరు వెళ్ళాను. నేను సున్నం కొట్టించి ఇరవై ఏళ్ళు దాటింది. నాలుగు చెట్లలో మూడు ఉన్నాయి. సున్నం ఎప్పుడో వానలకు కొట్టుకుపోయింది. కళ్ళజోడు సవరించుకొని మానుల చుట్టూ తిరిగి చూశాను. ఒక చెట్టుకు ఉత్తరపు వైపున, లేత బూడిదరంగులో, గుండ్రంగా ఒక మచ్చ కనపడింది. జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి పక్కన పెట్టి చూశాను. సరిగ్గా అంతే ఉంది.

ఆడుకుంటున్న పిల్లలు చుట్టూ మూగి, "ఏం చూస్తున్నారు తాతగారూ?" అని అడిగారు. చెప్పాను. ఇప్పుడు ఆ మచ్చకు వాళ్ళు కాపలా.